సమస్య: "పడిన మల్లుడు పడలేదు పందెమందు"

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి. విషయం 1910 ప్రాంతపు పందెం కుస్తీలు. పడినవాడు పడకపోవడం ఎలాగో పద్యంలోనే తేలాలి, కింద వివరణ రాసి గట్టెక్కుదామంటే ఒప్పుకోను.

గోదారిగట్టు:

లండనందున గామతో లావు మల్లు
బొక్కబోర్లగ పడి పట్టె బొంతపరుపు
వీపు నేలకు తగలదు, వేళ గడిచె
పడిన మల్లుడు పడలేదు పందెమందు

1910 సెప్టెంబరు 10, ప్రపంచ విజేత ఎవరో తేల్చే జాన్ బుల్ బెల్టు పోటీ. పోలండు మల్లుడు జిబిష్కోను మన దేశపు మల్లుడు గామా మొదట్లోనే కింద పడేశాడు, ఆ తర్వాత ఆయన లేస్తేగా! రెండున్నర గంటలు బోర్లా పడుకుని నేలను కరుచుకున్నాడు, రెండు భుజాలూ ఆనితేనే ఓటమి కాబట్టి చివరికి డ్రా అన్నారు.

తాతమాట: మూడో పాదం బాగా నడిచింది. 'లావు మల్లు' అనడమూ సబబే, జిబిష్కో గామా కంటే చాలా బరువు, అంత మనిషిని వెల్లకిలా తిప్పడం మాటలా? 'బొంతపరుపు' మాత్రం యతి కోసం వచ్చి పడింది, కుస్తీ బరిలో బొంత ఎవరు పరిచారండీ? 'బొక్కబోర్లగ పడియుండె భూమిఁ గరచి' అని చూడండి, మట్టి కరిచాడన్న ఎత్తిపొడుపూ కలుస్తుంది.

కొత్తకలం:

వారమైనాక రమ్మంటె వాడు రాడు
గామ యొక్కడె బరిలోన కాచియుండె
రెండు గంటల పట్టుకే గుండె భయము
పడిన మల్లుడు పడలేదు పందెమందు

17న మళ్లీ పోటీ పెడితే జిబిష్కో రానేలేదు, బెల్టు గామాకే ఇచ్చారు. రానివాడు పడేదెక్కడ?

తాతమాట: భలే విరిచావు! మూడో పాదం ప్రాసయతి, సరే. 'రమ్మంటె' గ్రామ్యం, 'రమ్మనన్' అను, గణం చెడదు.

గోదారిగట్టు: రానంత మాత్రాన భయమేనా? అంత భయమున్నవాడు 1928లో పటియాలా దాకా వచ్చి అదే గామాతో తలపడతాడా?

కొత్తకలం: వచ్చి నిమిషమైనా నిలిచాడా మరి! దాని మీదా ఒకటి అల్లుదామని కూర్చున్నాను గానీ, అక్కడ పడినవాడు నిజంగానే పడ్డాడు, సమస్య పొసగలేదు.

నిర్వాహకుడు: అమెరికా మల్లుడు గాచ్, రష్యా మల్లుడు హాకెన్‌ష్మిట్ జోలికి ఎవరూ పోలేదేం? 1908 షికాగోలో రెండు గంటలు పెనుగులాడి, భుజాలు నేలకు ఆనకుండానే హాకెన్‌ష్మిట్ తనంతట తానే వదిలేసుకున్నాడు. ఆదివారం దాకా చూస్తాను.