స్కాలర్‌లో ఒక లెక్క, స్కోపస్‌లో మరో లెక్క: దరఖాస్తులో ఏది రాయాలి?

గుంటూరు అధ్యాపకురాలు:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక కళాశాలలో మాలిక్యులర్ బయాలజీ బోధిస్తున్నాను. పదోన్నతి దరఖాస్తులో మొత్తం సైటేషన్లు (నా పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారో ఆ లెక్క), వాటిని బట్టి కట్టే హెచ్-ఇండెక్స్ రాయమన్నారు. గూగుల్ స్కాలర్ 412, 11 అంటోంది. పరిశోధన పేపర్ల డేటాబేస్ స్కోపస్‌లో 171, 6. అక్కడ నా పేపర్లలో సగం కనిపించడమే లేదు. పాత పేపర్ల మీద పుట్టింటి ఇంటిపేరు, పెళ్లయ్యాక రాసినవాటి మీద అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. ఇంకో సంగతి. సైటేషన్లలో పెద్ద వాటా మిరప ఆకుల నుంచి డీఎన్ఏ తీసే పద్ధతి గురించి రాసిన ఒక్క పేపర్‌దే. అది పరిశోధన కాదు, వంట విధానం అని మా విభాగంలో ఒకరు తేల్చేశారు. దాన్ని పక్కన పెట్టాలా? గడువు నెలాఖరు.

విజయవాడ గ్రంథాలయ ఉద్యోగి:
మేడమ్, స్కోపస్ మిమ్మల్ని ఇద్దరు మనుషుల కింద జమకట్టింది. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. మనం ఇంటిపేరు ముందు పెట్టి పొడి అక్షరాలకు కుదిస్తాం, పత్రికలవాళ్లేమో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటారు. లక్ష్మి, ప్రసాద్ అలా ఇంటిపేర్లై కూర్చుంటాయి. స్కోపస్‌లో రచయిత పేరుతో వెతకడానికి చందా అక్కర్లేదు. రెండు ఇంటిపేర్లతోనూ వెతకండి, పొడి అక్షరాలు ముందూ వెనకా మార్చి కూడా చూడండి. దొరికిన ప్రొఫైళ్లన్నీ ఎంచుకుని, కలిపేయమని అక్కడే అభ్యర్థన పంపవచ్చు. వాళ్లు పరిశీలించడానికి సమయం పడుతుంది కాబట్టి ఇవాళే పంపండి.

పనిలో పనిగా ఆర్కిడ్ (ORCID) సంఖ్య తీసుకోండి, పేరు మారినా పరిశోధకులను గుర్తుపట్టేందుకు ఇచ్చేది. 16 అంకెలు, ఉచితం. ఇతర పేర్లు రాసుకునే చోట పాత ఇంటిపేరు చేర్చండి.

గుంటూరు అధ్యాపకురాలు:
రెండో ప్రొఫైల్ దొరికింది సార్. దాని హెచ్-ఇండెక్స్ 4. అంటే కలిపితే 10 అవుతుందా?

విజయవాడ గ్రంథాలయ ఉద్యోగి:
కాదండి. హెచ్-ఇండెక్స్ 6 అంటే, కనీసం 6 సైటేషన్లు చొప్పున ఉన్న పేపర్లు 6 ఉన్నాయని అర్థం. పేపర్లన్నీ ఒకే వరుసలో పేర్చి మళ్లీ లెక్కించాలి. 7 కావచ్చు, 8 కావచ్చు, 6 దగ్గరే ఆగనూవచ్చు. స్కాలర్‌తో ఎలాగూ సరిపోదు. అది సిద్ధాంత గ్రంథాలు, ప్రీప్రింట్లు (సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్లు), సదస్సుల వ్యాసాలు అన్నీ ఏరుకొస్తుంది. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న ప్రచురణలనే లెక్కలోకి తీసుకుంటుంది. దరఖాస్తులో ఏ ఆధారమో చెప్పి ఉంటే అదే రాయండి. చెప్పకపోతే రెండూ రాసి, పక్కన ఆధారం పేరు, చూసిన తేదీ వేయండి. తేదీ లేని సైటేషన్ లెక్కను నేనైతే నమ్మను.

విశ్రాంత శాస్త్రవేత్త, గుంటూరు:
ఆ వంట విధానం మాట దగ్గర ఆగాను. 1951లో లౌరీ బృందం ప్రోటీన్ కొలిచే పద్ధతి ప్రచురించింది. 2014లో నేచర్ పత్రిక ఎక్కువ సైటేషన్లున్న పేపర్ల జాబితా వేస్తే మొదటి స్థానం దానిదే, 3 లక్షల పైచిలుకు. రెండోది లెమ్లీ 1970 పేపర్, అందులోని, ప్రోటీన్లను వేరుచేసే జెల్ పద్ధతి లేనిదే మన ప్రయోగశాలల్లో రోజు గడవదు. ఆకుల నుంచి డీఎన్ఏ తీయడానికి అందరూ పేర్కొనే డాయిల్ దంపతుల 1987 పేపర్ ఫైటోకెమికల్ బులెటిన్ అనే చిన్న పత్రికలో వచ్చింది. అంతదాకా ఎందుకు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కేతో కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి కూడా మీ విభాగంలో ఆ మాట అన్నవారి లెక్కలో వంటేనా?

అయితే అమ్మా, అంకె ఒక్కటే రాసి వదిలేయకు. మొత్తంలో ఆ పేపర్ వాటా ఎంతో నువ్వే చెప్పు. ఏయే పంటల మీద పనిచేసేవాళ్లు నీ పద్ధతి వాడారో రెండు వాక్యాల్లో రాయి. మిరప ఆకులో పాలీఫినాల్స్ అనే రసాయనాలు డీఎన్ఏకు అంటుకుని ఎంత విసిగిస్తాయో తెలిసినవాడు కమిటీలో ఒక్కడున్నా చాలు.

పరిశోధక విద్యార్థి, విజయవాడ:
పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కూడా రాస్తే మంచిది కదా మేడమ్?

విశ్రాంత శాస్త్రవేత్త, గుంటూరు:
అడిగితేనే రాయాలి బాబూ. అది పత్రికలోని పేపర్లకు వచ్చే సైటేషన్ల సగటు, ఒక్కో పేపర్ విలువ కాదు.

గుంటూరు అధ్యాపకురాలు:
అందరికీ ధన్యవాదాలు. అభ్యర్థన పంపాను. స్కాలర్ ఖాతా తెరిచి చూస్తే రొయ్యల వైరస్ మీద ఎవరివో రెండు పేపర్లు నా పేరిట ఉన్నాయి! తీసేస్తే సైటేషన్లు 389కి వచ్చాయి, హెచ్-ఇండెక్స్ 10.

విజయవాడ గ్రంథాలయ ఉద్యోగి:
ఆ స్కాలర్ ఖాతా అమరికల్లో కొత్త పేపర్లు వాటంతటవే చేరకుండా, ముందు మీకు మెయిల్ వచ్చేలా మార్చుకోండి. లేకపోతే ఆ రొయ్యలు మళ్లీ వస్తాయి.