గ్రామ కైఫియతులు కాకతీయ చరిత్రకు ప్రాథమిక ఆధారాలేనా?

గుంటూరు పాఠకుడు: పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) అధికారి కర్నల్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి సహాయకులూ కరణాల కవిలెలు (ఊరి లెక్కలూ సంగతులూ రాసుకున్న తాటాకు పుస్తకాలు) చూసి, పెద్దలను విచారించి రాయించిన కైఫియతులను, అంటే ఊరి వృత్తాంతాలను, కాకతీయుల కాలానికి ప్రాథమిక ఆధారాలుగా తీసుకోవచ్చునా? శాసనం లేని మా వంటి ఊళ్లకు వేరే దారి ఏది?

కవిలె: తీసుకోవచ్చుననే నా అభిప్రాయం. కవిలెలు తరతరాలుగా నకలవుతూ వచ్చినవి. వాటి తాటాకులు నశించాక మనకు మిగిలింది ఈ కైఫియతులే.

శిలాక్షరం: కవిలె గారూ, గుంటూరు సీమ కైఫియతులు పలుచోట్ల ఒకే మాట చెబుతాయి: గణపతి మహారాజు ప్రధాని గోపరాజు రామన్న శక సంవత్సరం 1067లో నియోగులకు కరణీకపు మిరాశీలు (వంశపారంపర్య హక్కులు) ఇచ్చాడని. అది 1145 ప్రాంతం. కాకతి గణపతిదేవుడు గద్దెనెక్కినది 1199లో. పైగా ఆ మాట రాయించినవారు ఆ మిరాశీలు అనుభవిస్తున్న కరణాలు, అడిగించినవాడు కుంఫిణీ అధికారి. ఇన్ని ఊళ్లు చెబుతున్నాయి కాబట్టి నిజమే అయి ఉంటుందనుకోవడానికీ వీల్లేదు, ఎందుకంటే ఒకే మూలం నుంచి దిగిన నకళ్లు ఎన్ని ఉన్నా ఒక్క సాక్ష్యం కిందే లెక్క.

దీనికి ఎదురుగా చందుపట్ల శాసనాన్ని చూడండి. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని చాలాకాలం రాసుకున్నారు. నల్లగొండ జిల్లాలోని ఆ ఊళ్లో బయటపడిన 1289 నవంబరు నాటి రాయి, శివలోకానికి వెళ్లిన రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా ఒక సేవకుడు చేసిన భూదానాన్ని చెబుతూ, ఆ లెక్కను మార్చివేసింది. రాణి ఎప్పుడు పోయిందో నిరూపించవలసిన అవసరం ఆ సేవకునికి లేదు. ఆ సాక్ష్యానికి అంత బరువు అందుకే.

కవిలె: ఆ తేదీ సంగతిలో నాకు వాదన లేదు. అయితే 1323లో ఓరుగల్లు పడ్డాక బందీగా ఢిల్లీకి వెళ్తూ ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడని ఆ తర్వాత తెలుగు నేలను తురుష్కుల నుంచి విడిపించిన ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతుంది. తన ఇచ్ఛతోనే స్వర్గానికి వెళ్లాడని 1423 నాటి రెడ్డి రాణి అనితల్లి కలువచేరు శాసనం అంటుంది. రెండూ శాసనాలే కదా!

శిలాక్షరం: ఆ రెండూ పరస్పర విరుద్ధాలేమీ కావు; దారిలో ప్రాణత్యాగం చేసుకున్నాడని కలిపి చదివినవారున్నారు. ఓరుగల్లు పతనాన్ని ఎంత దారుణంగా వర్ణిస్తే ప్రోలయ నాయకుని ఉద్ధరణకు అంత ఘనత, కాబట్టి శాసనాన్నీ ప్రశ్నించే చదవాలి. కైఫియతు తన నాటి ఊరి చెరువులకూ, మాన్యాలకూ, నమ్మకాలకూ ప్రాథమిక ఆధారమే. కాకతీయుల కాలానికి మాత్రం విని రాసిన మాట. గుంటూరు పాఠకుడు గారు ముందుగా దక్షిణ భారత శాసనాల పదో సంపుటంలో పొరుగూళ్ల శాసనాలు చూడటం మంచిది, దాన భూముల ఎల్లలు చెప్పేచోట మీ ఊరి పేరు తగలవచ్చు.