అప్‌డేట్: తీగ వెండి నల్లబడటానికి కారణం దొరికింది

నార్వేలోని కోంగ్స్‌బర్గ్ గనుల తీగ వెండి (రాతిలో సహజంగా తీగల్లా పెరిగిన వెండి) ముక్క నాలుగు నెలల్లోనే నల్లబడిందని, నకిలీయేమోనని ఇక్కడ అడిగాను. విషయం తేలింది. సలహా ఇచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ముక్క అసలైనదే. రిటైరైన జియాలజీ లెక్చరర్ ఒకరు భూతద్దం కింద చూపించారు: తీగల పొడవునా సన్నటి గాడులు, మొదలు సున్నపు ఖనిజమైన తెల్లటి కాల్సైట్‌లోంచే మొలుచుకొచ్చినట్టు ఉంది. అకాంథైట్ అనే నల్లటి వెండి-గంధక ఖనిజాన్ని వేడిచేసి తీగలు పుట్టించి అమ్మేవాళ్లున్నారని ఒకరు హెచ్చరించారు కదా, అది నిజమేనట, కానీ నా ముక్క అలాంటిది కాదు.

అసలు దోషం అద్దాల బీరువా అరలో నేను పరిచిన నల్ల రబ్బరు షీటుది! రబ్బరును గట్టిపరచడానికి కలిపే గంధకం ఆవిరిగా బయటికొచ్చి వెండితో కలిసి దాని మీద నల్లటి సల్ఫైడ్ పొర కట్టింది. "కింద ఏం పరిచారు?" అని అడిగిన మిత్రుడికి ప్రత్యేకంగా థాంక్స్. నేను అనుమానించిన విశాఖ సముద్రపు గాలి ముఖ్య కారణం కాదు. అదే గదిలో ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న చిన్న ముక్క ఇప్పటికీ మెరుస్తోంది.

టూత్‌పేస్ట్, నగలు తోమే ద్రావణం ఏదీ వాడలేదు, మీరూ వాడకండి. తీగల మొదట్లో ఉన్న నల్ల గింజలు మకిలి కాదు, అకాంథైట్. అదీ వెండి ఖనిజమే, తోమితే పోతుంది.

రబ్బరు తీసేశాను. ముక్క ఇప్పుడు తేమ పీల్చే సిలికా జెల్‌తో గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంది. మూడు నెలలైంది, నలుపు పెరగలేదు.