‘ఈజ్ యూ ఈజ్ ఆర్ ఈజ్ యూ ఎయింట్’: రెండో ‘ఈజ్’ ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా పాప చూసే పాత టామ్ అండ్ జెర్రీ కార్టూన్లలో ఒకదాంట్లో టామ్ తనకంటే పెద్ద వాయిద్యం పట్టుకుని, ఆడపిల్లి కిటికీ కింద నిలబడి ‘ఈజ్ యూ ఈజ్ ఆర్ ఈజ్ యూ ఎయింట్ మై బేబీ’ అని పాడుతుంది. పాట భలే ఉంది. కానీ ‘ఆర్ యూ’ అనాల్సిన చోట ‘ఈజ్ యూ’ అనడం తప్పు ఇంగ్లీషు కదా? పైగా ‘ఈజ్’ రెండుసార్లు ఎందుకు? నవ్వించడానికి పిల్లి చేత తప్పుగా పాడించారా? దీన్ని తెలుగులో ఎలా చెప్పొచ్చో కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు:
ఆ కార్టూన్ పేరు ‘సాలిడ్ సెరెనేడ్’ అండి, 1946లో వచ్చింది. టామ్ చేతిలో ఉన్నది డబుల్ బేస్. గొంతు ఐరా ‘బక్’ వుడ్స్‌ది. పాట మాత్రం కార్టూన్ కోసం రాసింది కాదు. అప్పటికే అమెరికా అంతా మోగిపోయిన రెండో ప్రపంచయుద్ధ కాలపు పాట. రాసింది బిల్లీ ఆస్టిన్, లూయిస్ జోర్డన్. పాడింది కూడా జోర్డనే, తన టింపనీ ఫైవ్ బృందంతో. పేరుకే ‘ఫైవ్’. బృందంలో ఐదుగురి కంటే ఎక్కువమందే ఉండేవాళ్ళు చాలాసార్లు.

జోర్డన్ 1908లో ఆర్కన్సా రాష్ట్రంలోని బ్రింక్లీ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి బ్యాండు మాస్టారు. చిక్ వెబ్ ఆర్కెస్ట్రాలో సాక్సోఫోన్ వాయించి, తర్వాత సొంతంగా చిన్న బృందం కట్టాడు. బృందం చిన్నది కావడమే యుద్ధంలో కలిసొచ్చింది. పదిహేను ఇరవైమంది ఉండే పెద్ద బ్యాండ్ల నుంచి కుర్రాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోతుంటే, పెట్రోలు, టైర్లు రేషన్‌లో దొరుకుతుంటే, అంతమందిని ఊరూరా తిప్పడం ఎవరి వల్లా కాలేదు. ఒక్క కారులో పట్టే బృందానికి ఆ ఇబ్బంది తక్కువ.

ఈ పాట రికార్డు కావడమే ఒక విశేషం. అమెరికా సంగీతకారుల యూనియన్ 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులు ఆపేసింది. జ్యూక్‌బాక్సులో (నాణెం వేస్తే కోరిన పాట వినిపించే పెట్టె), రేడియోలో రికార్డు తిరుగుతుంటే మనుషులకు పని పోతోంది, కాబట్టి అమ్మిన ప్రతి రికార్డు మీదా మా నిధికి కొంత కట్టండి అన్నది వాళ్ళ పట్టు. డెకా అనే రికార్డు కంపెనీ 1943 సెప్టెంబరులో దిగొచ్చి సంతకం పెట్టింది. పెద్ద పోటీదారులైన విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా మొండికేశాయి. జోర్డన్ డెకా మనిషి. సంతకమైన మరుసటి నెలలోనే స్టూడియోలోకి వెళ్ళి ఈ పాట రికార్డు చేశాడు. పోటీ కంపెనీల స్టూడియోలు మూగబోయిన ఏడాదిలో పాట బయటికొచ్చింది.

ఇక్కడ మన దేశానికి ఒక పిడకల వేట సంబంధం ఉంది, చెప్పకుండా ఉండలేను. అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డుల్లో ముఖ్యమైన సరుకు లక్క. అది ఎక్కువగా చోటా నాగపూర్ అడవుల నుంచి ఓడల్లో వెళ్ళేది. యుద్ధంతో ఓడల దారులు ప్రమాదంలో పడ్డాయి, దొరికిన లక్క సైనిక అవసరాలకూ కావలసి వచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల లక్క వాడకాన్ని గట్టిగా కోసేసింది. పాత రికార్డులు వెనక్కి తీసుకుని, కరిగించి కొత్తవి చేశారు. అంత కరువులో ఒక రికార్డు రెండు వైపులా హిట్టయితే కంపెనీకి పండగే. దీని విషయంలో అదే జరిగింది. ఒకవైపు జానీ మెర్సర్ రాసిన ‘జీ.ఐ. జైవ్’, సైనికుడి దినచర్య మీద సరదా పాట. రెండోవైపు ‘ఈజ్ యూ ఈజ్’.

1944లో ‘జీ.ఐ. జైవ్’, ఏ పాట ఎంత ఆడుతోందో లెక్కలు వేసే బిల్‌బోర్డ్ పత్రిక పాప్ పట్టికలోనూ, నల్లజాతి శ్రోతల పట్టికలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. ‘ఈజ్ యూ ఈజ్’ పాప్‌లో రెండో స్థానం దాకా వెళ్ళి, ‘ఫోక్’ (జానపద) పట్టికలో మొదటి స్థానం కొట్టింది. ఆ ఫోక్ పట్టికే తర్వాత కంట్రీ పట్టిక అయింది. అది జ్యూక్‌బాక్సుల్లో ఎక్కువగా తిరిగిన రికార్డుల లెక్క. అంటే తెల్లవాళ్ళ పల్లె సంగీతం అని మనం అనుకునే చోట, తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరు బల్లలు, వేరు తలుపులు ఉన్న రోజుల్లో, ఒక నల్లజాతి గాయకుడి పాట పైన కూర్చుంది. జోర్డన్ ‘రేషన్ బ్లూస్’ కూడా అదే ఏడాది అదే పట్టికలో మొదటికి వెళ్ళింది.

‘రిథమ్ అండ్ బ్లూస్’ అన్న పేరు మాత్రం అప్పటికి లేదు. 1942లో మొదలైన ఆ పట్టిక పేరు ‘హార్లెమ్ హిట్ పరేడ్’. 1945లో ‘రేస్ రికార్డ్స్’ అన్నారు. 1949లో ఆ పత్రికలో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ సూచనతో ‘రిథమ్ అండ్ బ్లూస్’ అయింది. కాబట్టి ఇది ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాట అంటే వెనక్కి వెళ్ళి పెట్టిన పేరన్నమాట. అయినా సరిపోతుంది. చిన్న బృందం, తూగే లయ, సాక్సోఫోన్, మాటల్లో కొంటెతనం, అన్నీ ఉన్నాయి.

మాస్టారు:
చరిత్ర బాగుంది. కానీ అడిగింది వ్యాకరణం గురించి. ‘యూ’కి ‘ఈజ్’ తగిలించడం తప్పే కదండీ. పాట హిట్టయినంత మాత్రాన తప్పు ఒప్పు అవుతుందా? రేపు మన పిల్లలు పరీక్షలో ఇదే రాస్తే?

జవాబు:
పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి మాస్టారూ, నిజమే. ‘వొచ్చినాడు’ అని రాసినా పోతాయి. కానీ పరీక్షలో చెల్లనిదల్లా నియమం లేనిది కాదు. ఆఫ్రికన్ అమెరికన్ ఇంగ్లీషులో ‘ఈజ్’ ప్రవర్తన మీద విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త 1969లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. ‘ఆమె మంచిది’ అన్నట్టు ‘షీ నైస్’ అని క్రియ లేకుండా అనడం ఆ భాషలో మామూలు. అయితే ఎక్కడపడితే అక్కడ క్రియ ఎగిరిపోదు. ప్రామాణిక ఇంగ్లీషులో ‘షీజ్’ అని కుదించగలిగిన చోటే వీళ్ళు పూర్తిగా వదిలేయగలరు. ‘యెస్, షీ ఈజ్’ అన్నచోట కుదించలేం, వీళ్ళూ వదలరు. నియమం లేని మాటలో ఇంత ఖచ్చితం కుదరదు. ‘కాదు’ అని చెప్పే ‘ఎయింట్’ సంగతి ఇంకా తమాషా. ఒకప్పుడు ఇంగ్లండు దొరల నోట కూడా మామూలుగా ఆడిన మాటే, తర్వాత బడి పంతుళ్ళు దాన్ని వెలివేశారు.

రెండో ‘ఈజ్’ సంగతి నాకు అర్థమైనంతవరకు చెప్తాను. ఇంగ్లీషు ప్రశ్నకు ముందు నిలబడటానికి ఒక క్రియ కావాలి. మొదటి ‘ఈజ్’ ఆ కాపలా పని చేస్తుంది. ‘ఎయింట్’కి ఎదురుగా, ఒత్తి పలకడానికి ఇంకో ‘ఈజ్’ కావాలి. అది రెండోది. మొత్తం మీద ‘అవునా? కాదా?’ అని నిలదీయడం. మనకి ప్రశ్న పని అంతా చివర్లో ఉన్న ‘ఆ’ చూసుకుంటుంది, ముందుకు జరపాల్సింది ఏమీ ఉండదు. పైగా ‘ఆయన డాక్టర్’ అన్నప్పుడు మనకీ క్రియ ఉండదు. అది తప్పు తెలుగు అని మనల్ని ఎవరూ అనలేదు.

సభ్యురాలు:
మీరు ఒక విషయం దాటేశారు. ఈ వాక్యం జోర్డన్ పుట్టించింది కాదు. ఇప్పటికి దొరికిన పాత ఆధారం 1921 నాటి ఆక్టేవస్ రాయ్ కోహెన్ కథలో ఉంది. ఆయన సౌత్ కరొలైనా వాడు, తెల్లవాడు. అలబామాలోని బర్మింగ్‌హామ్ నల్లజాతి పేటల మీద హాస్యకథలు రాసి శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో అచ్చేయించేవాడు. పాత్రల చేత వంకర ఇంగ్లీషు మాట్లాడించి తెల్ల పాఠకుల్ని నవ్వించడమే ఆ కథల పని. కాబట్టి ‘ఇది వాళ్ళ భాష, దీనికి నియమం ఉంది’ అనేముందు, ఇది వాళ్ళ భాషా, లేక వాళ్ళని వెక్కిరించడానికి ఇంకొకరు కట్టిన భాషా అని అడగాలి కదా?

జవాబు:
మంచి పట్టు పట్టారమ్మా. ఆ ముక్క చెప్పకపోతే కథ సగమే. నా అభిప్రాయం ఇది. ‘యూ’తో ‘ఈజ్’ వాడటం, ‘ఎయింట్’ వాడటం, రెండూ నిజంగా జనం నోట ఉన్నవే. వాటిని ఇలా జంటగా పేర్చి, తాళం వేసినట్టు చేసింది మాత్రం హాస్యకథకుడి కలం కావచ్చు. మన సినిమాల్లో శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస చాలాకాలం ఏ పాత్రలకు అంటించారో గుర్తుచేసుకోండి. మాట నిజమైనదే, దాన్ని వాడిన తీరులో వెక్కిరింత ఉంది.

జోర్డన్ చేసిన పని నాకు అక్కడే నచ్చుతుంది. పాట నిండా ఆ మాట తీరు లేదు. కథ మామూలే. ప్రియురాలి పద్ధతి మారింది, మనసు ఇంకెవరి మీదో ఉందేమోనని అనుమానం. దిగులంతా మామూలు మాటల్లో చెప్పుకొచ్చి, అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఇంటి భాషలోకి దిగుతాడు. కోహెన్ కథలో నవ్వు మాట్లాడేవాడి మీద. ఇక్కడ పాడేవాడే నవ్విస్తున్నాడు, నొచ్చుకుంటున్నదీ అతనే. 1944లో వచ్చిన ‘ఫాలో ద బాయ్స్’ సినిమాలో అతను దీన్ని నల్లజాతి సైనికుల ముందు పాడతాడు. సైన్యంలో అప్పుడు నల్లవాళ్ళ దళాలు వేరు. వేరుచేయడం ఆపాలని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948లో. ఇంటికి దూరంగా ఉన్నవాడికి ‘నువ్వింకా నాదానివేనా’ అన్న ప్రశ్న ఎలా తగిలి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంకొకరు:
బింగ్ క్రాస్బీ కూడా పాడాడు కదా? మా నాన్నగారు ఆయన రికార్డులు పోగేసేవారు, వాటిలో చూసిన గుర్తు.

జవాబు:
పాడాడండి. ఆండ్రూస్ సిస్టర్స్‌తో కలిసి, 1944 జూన్‌లో, అదే డెకా కంపెనీకి. జోర్డన్ రికార్డు ఇంకా జ్యూక్‌బాక్సుల్లో తిరుగుతుండగానే కంపెనీ తన పెద్ద తెల్ల తారల చేత అదే పాట పాడించి ఇంకోసారి అమ్ముకుంది. అదీ పాప్‌లో రెండో స్థానం దాకా వెళ్ళింది. దాని రెండోవైపు పాట బెర్లిన్‌లోకి అమెరికా కుర్రాళ్ళు కవాతు చేస్తారన్న యుద్ధపాట, అది మొదటి స్థానానికి వెళ్ళింది. క్రాస్బీ పాడింది వినసొంపుగానే ఉంటుంది. కానీ ఆ ముగ్గురు అక్కచెల్లెళ్ళ గొంతుల్లో ఆ ప్రశ్న ఒక ఆటైపోయింది. జవాబు ఏమొచ్చినా వాళ్ళకి పోయేదేమీ లేనట్టు ఉంటుంది. జోర్డన్, క్రాస్బీ ఆ వేసవిలోనే కలిసి రెండు యుగళగీతాలు కూడా పాడారు, కాబట్టి ఇద్దరి మధ్య పేచీ ఉన్నట్టు అనుకోకండి.

తర్వాత చాలామంది ముట్టుకున్నారు. 1960లో బస్టర్ బ్రౌన్ పాడాడు. 1981లో జో జాక్సన్ అనే ఇంగ్లండు రాక్ గాయకుడు, అందరూ కొత్త అలల వెంట పడుతున్నప్పుడు, ‘జంపిన్ జైవ్’ అని జోర్డన్ తరహా పాటలతో ఒక ఆల్బమే చేసి ఇది కూడా అందులో పెట్టాడు. కెనడా అమ్మాయి డయానా క్రాల్ 1995లో పియానో దగ్గర కూర్చుని పాడింది. బీ.బీ. కింగ్ 1999లో జోర్డన్ పాటలతో తెచ్చిన ఆల్బమ్‌లో దీన్ని డాక్టర్ జాన్‌తో కలిసి పాడాడు. ఇద్దరు ముసలివాళ్ళు ఈ ప్రశ్న పంచుకుంటుంటే అందులో తొందరే ఉండదు, అది వేరే అందం.

నన్నడిగితే గాయని డైనా వాషింగ్టన్ పాడినది వినండి. 2002లో వర్వ్ రికార్డు సంస్థ తెచ్చిన రీమిక్స్ ఆల్బమ్‌లో రే అండ్ క్రిస్టియన్ అనే జంట దానికి కొత్త దరువు వేశారు, ఈ తరానికి ఎక్కువగా తెలిసింది అదే. ఆమె నోట ‘ఎయింట్’ దగ్గర బతిమాలడం లేదు. తేల్చి చెప్పు, నాకు వేరే పనుంది అన్నట్టు ఉంటుంది.

సభ్యురాలు:
అయితే తెలుగు చేయడంలో అసలు చిక్కు అదే చూడండి. ఇంగ్లీషులో మగవాడు పాడినా ఆడది పాడినా ‘బేబీ’యే. ఒక్క అక్షరం మార్చకుండా చేతులు మారింది. తెలుగులో జోర్డన్ ‘నాదానివేనా కాదా’ అనాలి, డైనా ‘నావాడివేనా కాదా’ అనాలి. మా అమ్మమ్మ తరమైతే ‘మీరు’ అనేవాళ్ళు, పాటే మొదలయ్యేది కాదు.

జవాబు:
‘నా మనిషి’ ఉందిగా అమ్మా. ఆడా మగా తేడా లేదు, ఇష్టమూ ఉంది, హక్కూ ఉంది. ‘నువ్వు నా మనిషివేనా కాదా’. లెక్కపెట్టి చూడండి, ఇంగ్లీషు వరసలో 10 అక్షరాలు పలుకుతాయి, ఇందులోనూ 10.

ప్రశ్న వేసినవారు:
సార్, పాడి చూశాను. అక్షరాలు సరిపోయాయి కానీ దెబ్బ తప్పింది. ఇంగ్లీషులో ‘ఎయింట్’ పడ్డాక ఇంకా ‘మై బేబీ’ మిగులుతుంది, మనది ‘కాదా’తో ఠక్కున ఆగిపోతోంది. ‘ఔనా కాదా నువ్వు నా మనిషి’ అంటే?

జవాబు:
బాగా కుదిరింది తమ్ముడూ. అదీ 10. నిలదీత ముందే అయిపోయి, తోక మెత్తగా పడుతోంది.

మాస్టారు:
‘మనిషివి’ అనాలి. ‘నువ్వు’ ఉన్నాక చివర ‘వి’ లేకుండా వాక్యం ముగియదు.

జవాబు:
‘వి’ పెడితే 11 అవుతాయి మాస్టారూ.