సాయంత్రమైతే ఏడికి పోవాలె? పాత సంత జాగల సినిమా హాలా, మైదానమా?

ప్రాణహిత ఒడ్డు:
మాది మహారాష్ట్రల, గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాల ఒక ఊరు. పంచాయతీ ఆఫీసు ఎనుక పాత సంత జాగ ఉన్నది, పన్నెండు గుంటలు. సంత రోడ్డు మీదికి మారినప్పటి సంది అది ఉత్తగనే పడి ఉన్నది. వచ్చే గ్రామసభల దాని ముచ్చట తీస్తరని అంటున్నరు. అందుకే ఇక్కడ అడుగుతున్న. మన తాలూకోళ్లు, నది అవుతలోళ్లు అందరు చెప్పున్రి.

నా మాట అయితే ఒక్కటే. అండ్ల చిన్న సినిమా హాలు పడాలె. పంచాయతీ జాగ ఇచ్చి, నడిపేటోని దగ్గర కిరాయి తీసుకోవాలె.

మనం ఇంట్ల మాట్లాడేది తెలుగు, బడిల చదివేది మరాఠీ. జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. పండుగకు సినిమా చూడాలంటే నది దాటి తెలంగాణ దిక్కు పోవుడే. ఒకప్పుడు పడవ కోసం ఒడ్డు మీద కూసునేటోళ్లం, వంతెనలు పడ్డంక పోవుడు అలకగైంది. కానీ రెండో ఆట ఇడిసినంక పోరగాండ్లు ఒక్క బండి మీద ముగ్గురు ఎక్కి అడవి తొవ్వ పట్టి వస్తుంటే ఇంట్ల తల్లులకు నిద్ర ఉండదు. పోయిన సంక్రాంతికి మా తమ్ముడు గట్లనే వస్తుంటే అడవిపంది అడ్డమొచ్చి కాలు ఇరిగింది. మూడు నెలలు మంచం మీదనే ఉన్నడు.

ఫోన్ల చూస్తలేరా అంటరు. చూస్తున్నరు, ఒక్కొక్కడు ఒక్కొక్క మూలకు కూసోని. మా నాయిన చిన్నప్పుడు డేరా టాకీసు వస్తే ఊరు ఊరంతా చాపలు పట్టుకోని పోయేటోళ్లట. ఆ సంబురం మా తరానికి దక్కనే లేదు.

పాత ఆపరేటర్:
తమ్మీ, నేను నది అవుతలి ఒడ్డోన్ని. ఒక హాల్ల ఇరవై రెండేండ్లు ఆపరేటర్ పని చేసిన. సినిమా అంటే నాకు పాణం. అయినా నువ్వు అడిగేది వద్దనే చెప్త, ఎందుకో ఇను.

మా కాలంల ప్రింట్లు తక్కువ. సినిమా ముందు పట్నంల ఆడి, పెద్ద ఊర్లల్ల ఆడి, గీతలు పడ్డంక మా దగ్గరికి వచ్చేది. రీలు పెట్టెలు బస్సు టాపు మీద వస్తుంటే పిల్లలు బస్టాండ్ల ఎదురుచూసేటోళ్లు. రెండు వేల అడుగుల రీలు ఇరవై నిమిషాల పైన నడుస్తది. అది అయిపోయే లోపల పక్క మిషన్ల కార్బన్ పుల్లలు ఎలిగించి తయారుగ ఉండాలె. రీలు మారిన సంగతి జనానికి తెలిసిందంటే ఆపరేటర్‌కు అవమానమే. లేటుగ వచ్చినా, జనం ఎదురుచూసి ఎదురుచూసి ఉంటరు కాబట్టి హాలు రెండు మూడు వారాలు నిండేది.

ఇప్పుడు రీలు లేదు. హైదరాబాద్‌ల పడ్డనాడే పల్లెల కూడ పడుతది. మంచిదే. కానీ మొదటి మూడు రోజులు జనం, సోమవారం నుంచి ఖాళీ కుర్చీలు. కొన్ని వారాలకే అదే సినిమా ఫోన్లకు వస్తది. కరెంటు బిల్లు, మనుషుల జీతాలు, మిషన్ ఖర్చు మాత్రం నెలంత ఉంటయ్. మీ అసొంటి ఊరు చుట్టుపక్కల పది పల్లెలు కలిసినా ఒక హాలును ఏడాది పొడుగున సాకలేదు. నేను పని చేసిన హాలే మూతపడి గోదామయ్యింది. ఇప్పటికీ ఆ తొవ్వల పోవాలంటే మనసు ఒప్పది.

ఇంకో సంగతి. ఓటీటీ ఖాతా తీసుకోని తెర మీద ఏసి ఊరందరికి చూపిద్దమని ఎవరన్నా అంటరేమో. ఇంట్ల చూసేటందుకు కట్టిన పైసలతోని బయట ఆట ఆడియ్యరాదు, చట్టం ఒప్పది.

మరి ఏం చేయాలె? గాలి నింపి నిలబెట్టే డేరా హాళ్లు వచ్చినయ్. 2021ల లేహ్‌ల, అంత ఎత్తు కొండల మీద సుత ఒకటి పెట్టిన్రు. అసొంటిది జాతరకో పండుగకో పదిహేను రోజులు రావాలె, పోవాలె. జాగ మళ్ల ఊరికి మిగులుతది. గోడలు కట్టకున్రి. కట్టిన గోడలు మళ్ల కూలగొట్టరు, అది మాత్రం నేను కండ్లార చూసిన.

వాలీబాల్ తమ్ముడు:
కాక చెప్పింది నిజం. ఆ జాగల మేం పొద్దుమాపు వాలీబాల్ ఆడుతున్నం. నెట్టు మేమే పైసలు జమేసి కొన్నం, కంప చెట్లు మేమే కొట్టినం. ఉత్తగ పడి ఉన్నదని రాసినవ్ అన్నా, మనసుకు తాకింది. 1858ల చంద్రపూర్‌ల ఉరికంబం ఎక్కిన బాబురావు శెడ్మాకే పేరు మీద పోలీసోళ్లు పెట్టే పోటీలకు పోవాలని మా పోరగాండ్లు దినాం ఆడుతున్నరు. మాకు కావాల్సింది నాలుగు లైట్లు, ఒక బోరు. గంతే. హాలు కడితే మేం ఏడికి పోవాలె? బెల్టు షాపుకా?

అంకీసా దిక్కు కోడలు:
నేను కాళేశ్వరం దిక్కు పుట్టిన. ఇటు కోడలిగ వచ్చి పదకొండేండ్లు. మీ ముగ్గురు రాసింది రెండు మార్లు చదివిన. అండ్ల నేను ఏడ ఉన్ననా అని ఎతికిన. అన్న రాసిండు, కొడుకులు సినిమాకు పోతే నిద్ర పట్టని తల్లులని. గంతే, ఆడోళ్లం ఆ ఒక్క కాడనే కనపడ్డం.

మిర్చి చేన్ల నుంచి వచ్చేసరికి ఐదు అయితది. పొయ్యి ముట్టిచ్చే ముందు అరగంట, మళ్ల గిన్నెలు కడిగినంక ఒక గంట, గది నా పొద్దు. ఆ పొద్దుల నేను ఏడ కూసోవాలె? హోటల్ ముందట మొగోళ్లు. పంచాయతీ అరుగు మీద మొగోళ్లు. సంత జాగల పోరగాండ్లు. బోరింగు కాడ బిందె నిండే దాకా నిలబడి నాలుగు మాటలు మాట్లాడుకుంటం, బిందె నిండితే ఆ మాట ఆడికే ఆగిపోతది. గుడికి పోతే దండం పెట్టుకోని రావాలె.

బతుకమ్మ పండుగకు ఏడాదిల తొమ్మిది రోజులు ఆ సంత జాగ మాది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా. రాత్రి పదింటి దాకా చప్పట్లు కొట్టుకుంట తిరిగినా ఎవరూ ఒక్క మాట అనరు. మా అత్త కూడ వస్తది, మోకాళ్ల నొప్పులు మర్చిపోయి ఆడుతది. పదో రోజు అదే జాగల అదే యాళ్లకు నిలబడితే "ఇంట్ల పని లేదా" అంటరు. తొమ్మిది రోజులకు పనికొచ్చిన ఆడోళ్లు మిగిలిన రోజులకు ఎందుకు పనికిరారో నాకు ఎవరన్నా చెప్పున్రి.

నా బిడ్డ ఏడో తరగతి దాకా ఖో-ఖో మస్తు ఆడింది. ఎనిమిదికి రాంగనే ఆట బందైంది. నేనే బందు పెట్టిన, దాచుకునేదేం లేదు. బడి అయిపోయినంక ఆడేటందుకు జాగ లేదు, ఉన్న జాగల మొగపిల్లలు. నలుగురు నాలుగు మాటలు అంటరని భయపడ్డ. 2025 జనవరిల ఢిల్లీల ఖో-ఖో మొదటి ప్రపంచ కప్పు అయ్యింది కదా, మన ఆడపిల్లలు నేపాల్ మీద గెలిచిన్రు. కెప్టెన్ ప్రియాంక ఇంగ్లే మహారాష్ట్ర పిల్లనే. నా బిడ్డ ఆ ఆట ఫోన్ల పెట్టుకోని ఎన్ని మార్లు చూసిందో. పక్కన కూసోని రొట్టెలు చేసుకుంట నేను దాని మొఖం చూసిన. ఆ రోజు సంది నాకు తప్పు చేసినట్టే అనిపిస్తున్నది.

హాలు కట్టున్రి, లైట్లు పెట్టున్రి. ముందుగాల ఆ జాగల మాకు ఏ యాళ్ల ఉన్నదో చెప్పున్రి.

ప్రాణహిత ఒడ్డు:
అక్కా, నువ్వు రాసింది చదివినంక చాన సేపు ఏం రాయాల్నో తోచలేదు. కానీ ఒక మాట అడుగుత. ఆడోళ్లు ఎవరూ ఏం అనకుంట పోయి మూడు గంటలు కూసునే జాగ సినిమా హాలే కదా? మా అమ్మ పెండ్లికి ముందు పుట్టింటి దగ్గర దోస్తులతోని పోయి చూసిన సినిమాల ముచ్చట ఇప్పటికీ చెప్తది. మైదానమైతే మళ్ల మొగపిల్లలదే అయితది. వాలీబాల్ తమ్మీ, ఉత్తగ పడి ఉన్నదని రాసుడు తప్పే. మీరు సాఫు చేసుకున్న సంగతి నాకు తెలుసు.

అంకీసా దిక్కు కోడలు:
టికెట్టు పైసలు ఎవరి చేతుల ఉంటయ్ అన్నా? మొగోడు తీసుకపోతేనే పోవుడు. బతుకమ్మకు ఎవరు తీసుకపోవాలె? పూలు ఉంటే చాలు.

చిరుతల సారు:
నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మీరంతా మరిచిన ఒక సంగతి చెబుతాను. మన జిల్లాలోనే, వడసా వైపు, ఝాడీపట్టీ అనే మరాఠీ జానపద నాటకం ఇప్పటికీ టికెట్టు మీద నడుస్తోంది. వరి కోతలయ్యాక, దీపావళి దాటిన దగ్గర్నుంచి, ఊరూరా డేరాలు వేసి రాత్రంతా ఆడతారు. ఆ రంగస్థలానికే జీవితం ఇచ్చిన పరశురాం ఖుణేకు 2023లో పద్మశ్రీ వచ్చింది. శంకర్‌పట్ అనే ఎడ్ల పందాలకు చేరిన జనం రాత్రికి నాటకానికి మళ్లేవారు. 2014లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ పందాలు ఆగాయి, 2021 డిసెంబర్‌లో మళ్లీ అనుమతి వచ్చింది. మధ్యలో పందాలు లేకపోయినా నాటకం బతికింది. ఊరివాళ్లకు అది అలవాటైన పండుగ కాబట్టే బతికింది.

మనకు చేతుల్లో చెక్క చిరుతలు మోగిస్తూ ఆడే చిరుతల రామాయణం ఉండేది. గురువు వచ్చి ఊళ్లో నెలల తరబడి ఉండి, పగలు నాగలి పట్టిన వాళ్లకే రాత్రి అడుగులు నేర్పేవాడు. నేను లక్ష్మణుడి వేషం కట్టాను. చిరుతలు పట్టిన చేతులు ఇప్పటికీ ఆ దరువు మరవలేదు. నేర్పిన నెలలే అసలైన వినోదం, ఆడిన రాత్రి దాని చివర మాత్రమే. ఆ జాగలో ఒక వైపు చిన్న వేదిక కట్టండి.

పక్కనే ఒక వాచనాలయ గది, అంటే పుస్తకాలు చదువుకునే గది, కూడా ఉంటే బాగుంటుంది. తెలంగాణలో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను ఉంది, ఆ డబ్బుతో గ్రంథాలయ సంస్థలు నడుస్తాయి. మహారాష్ట్ర 1967 చట్టంలో అలాంటి పన్ను లేదు. ఊరివాళ్లే సంస్థ పెట్టి గ్రంథాలయం నడపాలి, గ్రంథాలయం తరగతిని బట్టి సర్కారు అనుదానం (గ్రాంటు) ఇస్తుంది. అంటే మనం పూనుకుంటే తప్ప రాదు. తెలుగు మాట్లాడి తెలుగు చదవలేని పిల్లలను ముప్పై ఏళ్లు చూశాను. నాలుగు తెలుగు కథల పుస్తకాలు అక్కడ ఉండాలని నా కోరిక.

వాలీబాల్ తమ్ముడు:
సారూ, మీరంటే గౌరవం. కానీ వేదిక కడితే ఎలక్షన్ సభలకే పనికొస్తది. మిగిలిన రోజులు దాని మీద మేకలు పండుకుంటయ్. పక్క ఊర్ల గదే అయ్యింది.

నాగపూర్ల చదివే పిల్ల:
నేను ఈ ఊరి పిల్లనే. సెలవుల్ల ఇంటికి వచ్చిన. తెలుగు రాయడం ఈ ఫోన్ల మీదనే నేర్చుకున్న, తప్పులుంటే మన్నించండి.

నిన్న పొద్దున చెల్లెతోని తాడు పట్టుకోని పోయి ఆ జాగ కొలిచిన. పొడుగు 40 మీటర్లు, అడ్డం 30. ఖో-ఖో కోర్టుకు 27 పొడుగు, 16 అడ్డం కావాలి. రెండు గుంజలు పాతితే ఆట మొదలైతది, ఇంకే సామాను అక్కరలేదు. వాలీబాల్‌కు 18 పొడుగు, 9 అడ్డం. ఖో-ఖో ఒక పక్కకు వేస్తే ఇంకో పక్క 14 మీటర్ల పట్టీ మిగులుతది. వాలీబాల్ అండ్ల పడుతది, చుట్టూ ఉరికేటందుకు కొద్దిగ జాగ కూడ ఉంటది. ఏప చెట్టు కింద మూల మిగులుతది, అక్కడ పెద్దోళ్లు కూసోవచ్చు. సినిమా హాలు వేస్తే మాత్రం ఇవేవీ పట్టవు. సారు వేదిక వద్దు కానీ, గట్టి నేల ఉంటే చిరుతలు దాని మీదనే ఆడొచ్చు కదా?

ఒక బాధ చెప్పాలి. మన తాలూకా పోచంపల్లి దగ్గర తవ్విన డైనోసార్, బరాపసారస్, దాని ఎముకలు కోల్‌కతాల ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ల నిలబెట్టిన్రు. ఆ ముచ్చట నాకు కాలేజీల తెలిసింది. మన తాలూకాలనే వడధంల ఫాసిల్ పార్కు (శిలాజాల పార్కు) ఉన్నదని మా క్లాసోళ్లకు చెప్తే వాళ్లకు ఆశ్చర్యం. నేను కూడ పోలేదు, ఇంట్ల బండి లేదు కాబట్టి. ఆదివారం పిల్లలను ఒక జీపుల తీసుకపోవడం పంచాయతీకి అంత పెద్ద ఖర్చా?

పాత ఆపరేటర్:
బిడ్డా, తాడు పట్టుకోని కొలిచినవ్ చూడు, గది పని. జాతరప్పుడు డేరాకు ఆ నేల సరిపోతది. నా ముచ్చట గంతే.

ప్రాణహిత ఒడ్డు:
నేను హాలు మాట ఇడిసిపెట్టలేను, నాకు గది కావాలె. కానీ ఆ పన్నెండు గుంటల్ల వద్దని ఒప్పుకుంటున్న. రోడ్డు మీద ఎవరన్నా సొంత జాగల పెడితే చూద్దం. మరి ఇక్కడ యాళ్ల ముచ్చట తెంపాలె. ఐదు నుంచి ఏడు దాకా ఆడపిల్లలకు, ఆడోళ్లకు. ఏడు తర్వాత పోరగాండ్లకు. తమ్మీ, ఏమంటవ్?

వాలీబాల్ తమ్ముడు:
ఏడు తర్వాత అంటే చీకటే కదా అన్నా. లైట్లు లేకుంట మేం ఏం ఆడాలె? నేను ఒప్పుకున్నా మా టీమోళ్లు ఒప్పరు.

అంకీసా దిక్కు కోడలు:
లైట్లు మేం కూడ అడుగుతం తమ్మీ. మీ నెట్టు ఎవరూ ముట్టరు. కానీ "ఒప్పరు" అన్న మాట ఫోన్ల కాదు, సభల చెప్పమను.

గ్రామసభకు ముందు ఆడోళ్ల సభ పెట్టాలని మహారాష్ట్ర చట్టంలనే ఉన్నది. మా దగ్గర సంతకాలు ఇంటింటికి తిరిగి తీసుకపోతరు, సభ కాదు. ఈసారి ఆగస్టు 15 సభకు ముందు నిజంగ కూసోవాలని మా బచత్ గట్‌ల (పొదుపు సంఘంల) తొమ్మిది మందితో మాట్లాడిన, ఆరుగురు వస్తమన్నరు. నాగపూర్ బిడ్డా, నువ్వు కొలిచిన లెక్క ఒక కాయితం మీద గీసి ఇయ్యి. మరాఠీల రాయి, గ్రామసేవక్ చదవాలె కదా. కిందికి తెలుగుల కూడ రాయి, మా అత్తకు చదివి ఇనిపిస్త.