పచ్చకామెర్లవాడికి లోకం ఏ పచ్చ?

‘పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది’ అన్న సామెతలో పచ్చ అంటే ఆకుపచ్చా, పసుపుపచ్చా అని ఉప్పల్‌లో పనిచేసే ఒక ఉపాధ్యాయిని మన చర్చావేదికలో అడిగారు. తరగతిలో చాలామంది ఆకుపచ్చ అన్నారట. పిల్లల తప్పేమీ లేదు. హైదరాబాదు ఇళ్లలో పసుపుపచ్చను ఇప్పుడు ఒట్టి ‘పసుపు’ అంటున్నారు, కాకపోతే ‘ఎల్లో’. పచ్చ అనే మాట ఆకులకే మిగిలింది.

సామెతలోది పసుపుపచ్చే. పచ్చిక, పచ్చని చేను అన్నప్పుడు ఒక రంగు. పచ్చని మేనిచాయ అన్నప్పుడు ఇంకొకటి. పక్కనున్న తమిళంలో పచ్చై ఆకుపచ్చకే చెల్లుతుంది, పసుపుకు మంజళ్ వేరే ఉంది. మాట ఒకటే కదా అని పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పసుపు దీపాన్ని చూసి ఆకుపచ్చ అనుకున్న తెలుగువాడెవడూ ఉండడు.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచిన ప్రశ్న, సామెత చెప్పే సంగతి నిజమా అని. కామెర్లలో బిలిరుబిన్ అనే పసుపుపచ్చ పదార్థం రక్తంలో పెరిగి చర్మమూ, కంటిలోని తెల్లగుడ్డూ పచ్చబడతాయి. చూపు మాత్రం మామూలుగా పచ్చబడదు. లోకానికి రోగి పచ్చగా కనిపిస్తాడు, రోగికి లోకం ఎప్పటిలాగే ఉంటుంది!

అయినా ఈ ఊహ చాలా పాతది. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో రోమన్ కవి లుక్రీషియస్ ఇదే రాశాడు. మన తత్వ దర్శనాలలో ‘పీతః శంఖః’ (శంఖం పసుపుపచ్చన) అన్నది పేరుపడ్డ ఉదాహరణ: పిత్తదోషం ఉన్నవాడికి తెల్లని శంఖం పచ్చగా కనబడింది, ఆ జ్ఞానంలో తప్పు ఎక్కడుంది? ఒకచోటి గుణాన్ని మరొకచోట చూడడమే తప్పు అన్నారు న్యాయదర్శనం వారైన నైయాయికులు. మీమాంసా దర్శనంలో ప్రభాకరుణ్ణి అనుసరించే ప్రాభాకర మీమాంసకుల జవాబు నాకు మరీ ఇష్టం. శంఖమూ నిజమే, పచ్చదనమూ నిజమే, అది పిత్తానిది. రెంటికీ మధ్య తేడాను గ్రహించకపోవడమే లోపం అన్నారు వాళ్లు.

కంట్లో నిజంగా పచ్చదనం చేరేది వయసు మళ్లాక. కంటిలోని కటకం (లెన్స్) పసుపుబారుతుంది, శుక్లం ముదిరితే గోధుమరంగుకు తిరుగుతుంది, నీలి కాంతిని ఎక్కువగా ఆపేస్తుంది. అయితే ఇదంతా ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మెదడు సర్దుకుంటుంది. తెల్లచీర తెల్లచీరగానే కనిపిస్తుంది. మెహదీపట్నంలో ఉండే మా పెద్దమ్మకు ముందు ఒక కంటికే శుక్లం తీశారు. ఇంటికి వచ్చాక ఒక్కో కన్నూ మూసి గోడను చూస్తూ, “ఈ కంటికి సున్నం వేసినట్టుంది, ఆ కంటికి టీ నీళ్లు చల్లినట్టుంది. ఇన్నాళ్లూ నాకు ఎవరూ చెప్పలేదేమిటి?” అని అడిగింది. ఎవరు చెప్పగలరు? పక్కన పోల్చుకోవడానికి రెండో కన్ను దొరికేదాకా ఆమెకే తెలియదు. సామెత ఇక్కడ తలకిందులవుతుంది: కంట్లో పచ్చదనం ఉన్నవాళ్లే ఆ పచ్చను చూడరు.

ఇది చదివి ఒక సభ్యుడు అడిగారు: “అయితే మీరు చూసే ఎరుపూ, నేను చూసే ఎరుపూ ఒకటేనా, అండీ?”

కళ్లు ఒకటి కావని మాత్రం గట్టిగా చెప్పవచ్చు. రసాయనవేత్త జాన్ డాల్టన్‌కు ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలిసేది కాదు. ఆయన 1794లో తన చూపు గురించే ఒక పత్రం చదివాడు. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఉంటుందని, అదే ఎర్రని కాంతిని మింగేస్తోందని ఊహించాడు. మన సామెత లాంటి తర్కమే! 1844లో చనిపోయాక ఆయన కోరిక ప్రకారమే కన్ను కోసి చూస్తే ద్రవం స్వచ్ఛంగా ఉంది. ఆ కళ్లను దాచి ఉంచారు. 1995లో వాటి డీఎన్ఏను పరీక్షించినప్పుడు, ఆకుపచ్చ కాంతికి స్పందించే కణాలకు కావలసిన జన్యువు ఆయనకు లేదని తేలింది.

ఇక రెండు మామూలు కళ్లకు కనిపించే ఎరుపు లోపల ఒకటేనా అంటే, మా పెద్దమ్మ గోడను చూసినట్టు మీ కన్నునూ నా కన్నునూ ఒకే తలలో పెట్టి చూసే దారి ఇంకా ఎవరికీ దొరకలేదండీ.