మూకీ చిత్రాల నటన నుంచి రంగస్థలానికి ఏం నేర్చుకోవచ్చు?

రంగాభిమాని, నల్లకుంట:
రవీంద్రభారతిలో ప్రదర్శించేందుకు మా బృందం మాటల్లేని హాస్యనాటికను సిద్ధం చేస్తోంది. మూకీ నటులంతా కనుబొమలు ఎగరేస్తూ, చేతులు ఊపుతూ అతిగా నటించేవారన్న నమ్మకంతో మావాళ్లు ప్రతి సంజ్ఞనూ పెద్దది చేస్తున్నారు. అయినా రిహార్సల్లో ఎవరికీ నవ్వు రావడం లేదు. ఏ చిత్రాలను, ఏ దృష్టితో చూడమంటారు?

అభినయ, సికింద్రాబాద్:
చాప్లిన్ ‘ది గోల్డ్ రష్’ (1925)లో బూటును ఉడికించి తినే ఘట్టంతో మొదలుపెట్టండి. ఆకలితో అలమటిస్తున్న ఆ మనిషి బూటు లేసులను ఫోర్కుకు నూడుల్స్‌లా చుట్టుకుంటాడు, మేకులను కోడి ఎముకలు చీకినంత శ్రద్ధగా చీకుతాడు, అంతసేపూ విందుకు కూర్చున్న పెద్దమనిషి మర్యాద తప్పడు. తింటున్నది బూటేనని అతని ముఖం ఒక్కసారి ఒప్పుకున్నా ఆ నవ్వు చచ్చిపోయేది. మీవాళ్లు ఆంగికాన్ని (శరీర కదలికలతో చేసే అభినయాన్ని) పెంచుకుంటూ పోయి సాత్త్వికాన్ని (లోపలి భావాన్ని పలికించే అభినయాన్ని) వదిలేశారేమో గమనించండి.

పాత రీలు, మెహదీపట్నం:
అభినయ గారి మాటకు మూకీల హాస్యనటుడు బస్టర్ కీటన్ ఇంకా గట్టి సాక్ష్యం. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928)లో తుపానుకు ఇంటి ముందుగోడ మొత్తంగా అతని మీదికి కూలుతుంది, సరిగ్గా కిటికీ ఖాళీ వచ్చే చోట నిలబడి ఉండడంతో బతికిపోతాడు. కెమెరా మాయ లేదు. నిజంగానే బరువైన గోడ కింద, కొలిచి గుర్తుపెట్టిన చోట ఆయన నిలబడ్డారు. దెబ్బలకు వెరవని మనిషి: ‘షెర్లాక్ జూనియర్’ (1924) చిత్రీకరణలో మెడ ఎముక విరిగిన సంగతి ఏళ్ల తర్వాత గాని ఆయనకు తెలియలేదు. ఇంత సాహసం చేస్తున్నా ఆ ముఖం దాదాపు చలించదు, భయపడే పని మనకే మిగులుతుంది.

మీవాళ్ల నమ్మకానికి మరో కారణమూ ఉంది. చేతితో తిప్పే కెమెరాలతో సెకనుకు 24 ఫ్రేముల కన్నా తక్కువ వేగంతో తీసిన చిత్రాలను తర్వాత 24 ఫ్రేముల వేగంతో ఆడించడం వల్ల మామూలు నడక కూడా గెంతులా కనిపించేది.

తెరచాటు, అమీర్‌పేట:
సింగీతం శ్రీనివాసరావు గారి ‘పుష్పక విమానం’ (1987)లో శబ్దాలున్నా సంభాషణలు లేవు. దాన్నీ తప్పక చూడండి. రిహార్సల్ విషయానికొస్తే, ప్రతి నటుడి చేతికి ఒక నిజమైన వస్తువునిచ్చి, మొదట దానితో చేయవలసిన పనిని నవ్వించే ప్రయత్నం లేకుండా పూర్తిగా చేయమనండి. ఒక సంజ్ఞ ముగిశాకే రెండోది మొదలుకావాలి, ఎందుకంటే రెండూ కలిసిపోతే వెనక వరుసలో కూర్చున్నవారికి ఏదీ అందదు.